ఉద్యోగం 'నాది' ఎప్పుడవుతుంది? మానసిక స్వామ్య భావన

12.1 ప్రవేశిక

ఏదైనా ప్రభుత్వ కార్యాలయానికి పని మీద వెళ్లినప్పుడు మీరు ఈ మాట వినే ఉంటారు: "ఆ సీటు చూసే ఆయన సెలవులో ఉన్నారు." ఇక్కడ సీటు అంటే కూర్చునే కుర్చీ ఒక్కటే కాదని మీకు తెలుసు. కొన్ని ఫైళ్లు, ఒక బీరువా, రెండు మూడు రిజిస్టర్లు, వాటి లోగుట్టు తెలిసిన ఒక మనిషి, ఇవన్నీ కలిస్తే సీటు. ఆ కుర్చీ ప్రభుత్వానిది. బీరువా ప్రభుత్వానిది. ఫైళ్లు సరేసరి. బదిలీ ఉత్తర్వు వస్తే అన్నీ అప్పగించి వెళ్లిపోవలసిందే. అయినా ఆయన "నా సీటు", "నా ఫైలు" అనే అంటారు. తాను లేనప్పుడు మరొకరు ఆ బీరువా తెరిస్తే నొచ్చుకుంటారు. తాను కట్టిన ఫైలు కోర్టులో నిలబడితే, తన పేరు ఎక్కడా లేకపోయినా, ఇంటికి వెళ్లి చెప్పుకుంటారు.

ఆదివారం సంప్రదింపు తరగతుల్లో ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ముందుగా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "మీరు చేసే ఉద్యోగంలో మీది అనిపించేది ఏమిటి?" విద్యుత్ శాఖలో పనిచేసే విద్యార్థి "నా ఫీడరు" అన్నాడు. ఒక నర్సు "రాత్రి డ్యూటీలో నా వార్డు" అంది. పగలు ఆ వార్డు పెద్ద డాక్టర్లదట. ఒక గుమాస్తా కాసేపు ఆలోచించి "నా స్టాంప్ ప్యాడ్" అంటే తరగతంతా నవ్వింది. నిజానికి ఆ మూడు జవాబుల్లో ఎక్కువగా ఆలోచించవలసింది ఆ చివరిదే. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక మనిషికి తనదని చెప్పుకోవడానికి స్టాంప్ ప్యాడ్ తప్ప మరేమీ మిగలలేదంటే, ఆ పనిని ఎవరో అలా తయారుచేశారన్న మాట.

చట్టప్రకారం తనది కాని పని ఒక ఉద్యోగికి తనదిగా ఎందుకు అనిపిస్తుంది, అలా అనిపించడానికి ఏ పరిస్థితులు కావాలి, అనిపించిన తరువాత మంచీ చెడూ ఏం జరుగుతాయి అన్నవి ఈ పాఠంలో తెలుసుకుంటారు. ప్రేరణ, ఉద్యోగ సంతృప్తి, సంస్థ పట్ల నిబద్ధత అనే అంశాలను గత పాఠాల్లో చదివారు కనుక వాటిని ఇక్కడ మళ్లీ వివరించడం లేదు.

12.2 భావన, నిర్వచనం

ముందుగా ఒక మాట గురించి హెచ్చరిక. స్వంతం కలిగి ఉండటాన్ని తెలుగులో 'యాజమాన్యం' అనవచ్చు. కానీ వాడుకలో ఆ మాటకు మేనేజ్‌మెంట్ అనే అర్థం స్థిరపడిపోయింది. "యాజమాన్యంతో చర్చలు విఫలం" అని పత్రికలు రాసేది ఆ అర్థంలోనే. ఉద్యోగికి కలిగే 'నాది' అనే భావాన్ని కూడా యాజమాన్యం అంటే గందరగోళం తప్పదు. అందుకని ఈ పాఠంలో 'మానసిక స్వామ్యం' అనే మాట వాడుతున్నాం.

ఈ భావనను సంస్థల అధ్యయనంలో ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవారు జాన్ పియర్స్, టాటియానా కొస్టోవా, కర్ట్ డర్క్స్. వారి ప్రధాన వ్యాసం 2001లో, దాని విస్తరణ 2003లో వచ్చాయి. వారి మాటల సారాంశం ఇది: ఒక వస్తువు గాని, పని గాని, సంస్థ గాని, లేదా అందులో ఒక భాగం గాని తనదే అని మనిషికి అనిపించే మానసిక స్థితి మానసిక స్వామ్యం. దానికి దస్తావేజు అక్కరలేదు, ఇతరుల ఒప్పుకోలు కూడా అక్కరలేదు.

ఇది సంతృప్తికీ నిబద్ధతకూ భిన్నమైనది. ఒక్కో భావన వెనుక ఉద్యోగి తనను తాను వేసుకునే ప్రశ్న ఏమిటో చూస్తే తేడా తేలిగ్గా బోధపడుతుంది. సంతృప్తి విషయంలో "ఈ ఉద్యోగం నాకు బాగుందా?" అని ప్రశ్న. నిబద్ధత విషయంలో "నేను ఈ సంస్థలో కొనసాగాలా?" అని. మానసిక స్వామ్యం విషయంలో ప్రశ్న "ఇక్కడ నాది ఏమిటి?" అన్నది. జీతం గురించి రోజూ సణుగుతూనే, వేరే ఉద్యోగానికి దరఖాస్తులు పెడుతూనే, తన లేబొరేటరీని ఎవరినీ తాకనివ్వని ఉద్యోగులను మీరు చూసి ఉంటారు. వారికి సంతృప్తి లేదు, నిబద్ధత తక్కువ, స్వామ్య భావన మాత్రం దండిగా ఉంది.

మరొక తేడా కూడా గుర్తుంచుకోండి. ఉద్యోగి తనదిగా భావించేది తన ఉద్యోగాన్ని కావచ్చు, మొత్తం సంస్థను కావచ్చు. ఇవి రెండూ కలిసే ఉండాలని లేదు. పైన చెప్పిన నర్సుకు వార్డు తనది, ఆసుపత్రి కాదు. ఈ విషయంలో తెలుగు మనకొక సదుపాయం ఇచ్చింది. 'మా', 'మన' అని మనకు రెండు మాటలున్నాయి. ఉద్యోగి బయటివారితో "మా బ్యాంకు" అంటాడు; అది అతడు ఏ గుంపుకు చెందినవాడో చెబుతుంది. తోటి ఉద్యోగులతో "మన బ్యాంకు" అంటాడు. అది వినేవారిని కూడా వాటాదారులను చేస్తుంది. "నా కౌంటరు" అన్నప్పుడు సంగతి వేరు. ఈ పాఠంలో మనకు ప్రధానమైనది ఈ మూడవది. 'మన' అనే భావం ఎలా పుడుతుందో 12.5లో చూస్తాం.

12.3 మనిషికి 'నాది' ఎందుకు కావాలి?

అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఒక సంగతి గుర్తించాడు. మనిషి 'నేను' అనుకునే దానికీ 'నాది' అనుకునే దానికీ మధ్య గీత గీయడం కష్టం. శరీరం, దుస్తులు, ఇల్లు, కుటుంబం, పేరు ప్రతిష్ఠలు, చేసిన పనులు, అన్నీ కలిసే 'నేను' అవుతుంది. అవి వర్ధిల్లితే మనిషి ఉప్పొంగుతాడు, దెబ్బతింటే కుంగిపోతాడు.

పియర్స్ బృందం ఈ అవసరాన్ని మూడుగా విడదీసింది. తన చేష్టకు ఫలితం కనబడాలన్న కోరిక ఒకటి. పసిపిల్లవాడు గిలక్కాయను పదేపదే ఆడించి మురిసిపోయేది అందుకే. తానెవరో తనకూ లోకానికీ తెలియాలన్న కోరిక రెండవది. తనకంటూ ఒక చోటు ఉండాలన్నది మూడవది. ఇంటి నుంచి దూరంగా రోజులో సగం గడిపే ఉద్యోగికి ఆ బల్ల, ఆ షెడ్డు, ఆ బస్సు క్యాబిన్ రెండో ఇల్లవుతాయి. డ్రైవరు అద్దానికి దేవుడి పటం పెట్టుకున్నా, పూలదండ వేసినా ఆ వాహనం మీద అతడు ఒక చోటు కట్టుకుంటున్నాడని అర్థం.

ఈ అవసరాలు దాదాపు అందరికీ ఉన్నవే. మరి ఒకరికి ఉద్యోగం తనదిగా అనిపించి, పక్కవారికి అనిపించకపోవడానికి కారణం ఏమిటి? జవాబు మనుషుల స్వభావాల్లో కంటే పని ఏర్పాటులో ఎక్కువగా దొరుకుతుంది. ఈ పాఠంలో మీరు ప్రధానంగా పట్టుకోవలసిన అంశం ఇదే.

12.4 స్వామ్యానికి మూడు దారులు

పియర్స్ సిద్ధాంతం ప్రకారం ఒక వస్తువు లేదా పని మనదిగా మారడానికి మూడు దారులున్నాయి: దాని మీద మనకు అదుపు ఉండటం, దాన్ని లోతుగా తెలిసి ఉండటం, దానిలో మనల్ని మనం పెట్టుబడిగా పెట్టడం. పరీక్షలో ఈ మూడూ రాసేస్తే మార్కులు వస్తాయి. కానీ అసలు సంగతి ఒక్కో దారి నిజమైన పనిలో ఎలా తెరుచుకుంటుందో, ఎలా మూసుకుపోతుందో చూడటంలో ఉంది.

అదుపుతో మొదలుపెడదాం. అదుపు అంటే పెద్ద పదవి కాదు. పని వరుసను తానే నిర్ణయించుకోవడం, ఏదైనా తప్పు కనిపిస్తే ఎవరినీ అడగకుండా ఆపగలగడం, వాడే పరికరాన్ని తన చేతికి అనుకూలంగా అమర్చుకోవడం వంటి చిన్న అధికారాలే ఇక్కడ లెక్కకు వస్తాయి. జపాన్‌లోని టయోటా కర్మాగారాల్లో పని పద్ధతి ప్రతి సెకనుకూ నిర్దేశించి ఉంటుంది. కార్మికుడికి స్వేచ్ఛ బహు తక్కువ. అయితే అతడి తలపైన ఒక తాడు వేలాడుతుంది. లోపం కనిపిస్తే దాన్ని లాగవచ్చు. సమస్య వెంటనే తీరకపోతే మొత్తం లైను ఆగుతుంది. లక్షల విలువైన ఉత్పత్తిని ఒక మామూలు కార్మికుడు ఆపగలడు. మిగతాదంతా బిగించి ఉన్నా ఆ ఒక్క అధికారం వల్ల నాణ్యత అతడి సొంత వ్యవహారం అవుతుంది. హాక్‌మన్, ఓల్డ్‌హామ్‌ల ఉద్యోగ లక్షణాల నమూనాలో 'స్వయంప్రతిపత్తి' గురించి చదివారు కదా, దాన్ని ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. స్వయంప్రతిపత్తి వల్ల ఫలితాలకు నేనే బాధ్యుణ్ణి అనే భావం కలుగుతుందని ఆ నమూనా చెప్పింది. మానసిక స్వామ్య సిద్ధాంతం మరో అడుగు వేసి, అలా అదుపులో ఉన్నది క్రమంగా 'నేను'లో భాగమైపోతుందంటుంది.

రెండవది తెలియడం. తోటలో రోజూ తిరిగేవాడికి ఏ చెట్టు ఎప్పుడు పూత వేస్తుందో తెలుస్తుంది. పట్టా ఎవరి పేరు మీద ఉన్నా ఆ తోట అతడిదే అనిపిస్తుంది. ఒకే వాహనాన్ని ఏళ్ల తరబడి నడిపిన డ్రైవరు ఇంజను చప్పుడులో చిన్న తేడాను కూడా పట్టేస్తాడు. రోజుకొక బండి ఇస్తే ఆ చెవి తయారు కాదు. అలా తయారు కాకపోతే బండి మీద పడిన గీత కూడా కంటికి ఆనదు. 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఒక్కరి చేతిలో పెట్టినంత మాత్రాన సరిపోదు, కాలం కూడా కావాలి. ఉద్యోగులను ఆరు నెలలకోసారి మార్చే సంస్థలో ఈ దారి మూసుకుపోతుంది. అక్రమాలను అరికట్టడానికి తరచు బదిలీలు అవసరమేనని పరిపాలన వర్గాల వాదన. అది కొన్ని విభాగాల్లో నిజం కూడా. కానీ ఆ బదిలీకి సంస్థ చెల్లించే మూల్యం ఏ బడ్జెట్ పద్దులోనూ కనబడదు కనుక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మూడవది పెట్టుబడి. డబ్బు కాదు, కాలం, ఆలోచన, చెమట, కొన్నిసార్లు పరువు. మన చేతితో చేసినదాని మీద మనకు మక్కువ ఎక్కువన్న సంగతిని నార్టన్, మోచన్, ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. కాగితాలు మడిచి బొమ్మలు చేసినవారు, తాము చేసిన వంకరటింకర బొమ్మలకు నిపుణులు చేసినవాటితో దాదాపు సమానమైన విలువ కట్టారు. బయటివారి కంటికి అవి చిత్తుకాగితాలతో సమానం. కొన్నవారే ఇంటికి తీసుకెళ్లి బిగించుకోవలసిన సామాను అమ్మే స్వీడన్ కంపెనీ పేరు మీద దీన్ని 'ఐకియా ప్రభావం' అన్నారు. ఆ కంపెనీ మన దేశంలో తొలి దుకాణాన్ని 2018లో హైదరాబాదులోనే తెరిచింది కనుక ఆ అనుభవం మీలో కొందరికి ఉండే ఉంటుంది. ఆ ప్రయోగాల్లో ఒక షరతు కూడా బయటపడింది. పని పూర్తి కావాలి. కట్టి విప్పేసినా, సగంలో ఆపేసినా ఆ మక్కువ నిలవదు. ఉద్యోగానికి దీన్ని అన్వయించి చూడండి. ఒక గుమాస్తా పని ఎప్పుడూ ఒక పేజీ నింపి పై టేబులుకు పంపడమే అయితే, ఆ అర్జీ చివరికి ఏమైందో అతడికి ఎన్నడూ తెలియకపోతే, ముప్పై ఏళ్లు శ్రమించినా అతడు పెట్టినది పెట్టుబడి కాదు, ఖర్చు మాత్రమే.

ఈ మూడు దారులు ఒకదానికొకటి తోడుంటాయి. అదుపు ఉంటే ప్రయోగాలు చేస్తాం, ప్రయోగాల వల్ల తెలుస్తుంది, తెలిసిన కొద్దీ మరింత మనసు పెడతాం. స్టాంప్ ప్యాడ్ సంగతి ఇప్పుడు మళ్లీ ఆలోచించండి. ఇంకు ఎప్పుడు పోయాలో, ముద్ర ఎంత గట్టిగా వేయాలో, దాన్ని ఎక్కడ దాచాలో, ఆ గుమాస్తాకు పూర్తి అదుపు ఉన్నది దాని మీదే.

12.5 అహ్మదాబాదు మగ్గాల షెడ్డు: ఒక సందర్భ పరిశీలన

మానసిక స్వామ్యం అనే మాట పుట్టడానికి చాలా ఏళ్ల ముందు మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం ఈ మూడు దారులను చక్కగా చూపిస్తుంది. ఇంగ్లండులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1950లలో అహ్మదాబాదులోని కాలికో మిల్లులకు సలహాదారుగా వచ్చాడు. అది సారాభాయ్ కుటుంబం నడిపిన సంస్థ. రైస్ తన అనుభవాలను 1958లో పుస్తకంగా ప్రచురించాడు. మానవ సంబంధాల చరిత్రలో హాథార్న్ ప్రయోగాల గురించి చదివే విద్యార్థులకు దీని గురించి అంతగా తెలియకపోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

మిల్లులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. యంత్రాలు మంచివి, కార్మికులు అనుభవజ్ఞులు, అయినా ఉత్పత్తి ఆశించినంత రాలేదు, గుడ్డలో లోపాలు తగ్గలేదు. షెడ్డులో 224 మగ్గాలు, ఒక షిఫ్టులో 29 మంది కార్మికులు. పనిని 12 రకాలుగా ముక్కలు చేశారు. తెగిన పోగులు అతికే నేతగాడు ఒకడు. పేక కండెలు నింపేవాడు ఇంకొకడు. పడుగు పెద్ద ఎత్తున తెగితే సరిచేసేవాడు వేరు. కొత్త పడుగు ఎక్కించేవారు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు, గుడ్డ మోసేవాడు ఇలా. కాగితం మీద చూస్తే ఇది శాస్త్రీయ నిర్వహణే. పనిభారం లెక్కగట్టి పంచారు. నేతగాడికి 24 లేక 32 మగ్గాలు, కండెలు నింపేవాడికి 40 నుంచి 50, పడుగు సరిచేసేవాడికి సుమారు 75.

చిక్కు ఆ లెక్కల్లోనే ఉంది. ఒక్కొక్కరి మగ్గాల సంఖ్య వేరు కావడంతో ఎవరి హద్దూ ఎవరి హద్దుతోనూ కలవలేదు. నేతగాడి మగ్గాల్లో కొన్నింటికి కండెలు నింపేది ఒకడు, మిగిలినవాటికి ఇంకొకడు. పడుగు సరిచేసేవాడు ముగ్గురు నేతగాళ్లకు జవాబు చెప్పాలి. మగ్గం ఆగితే తప్పు ఎవరిదో తేల్చలేరు, బాగా నడిస్తే ఘనత ఎవరిదో చెప్పలేరు. మూడు దారుల్లో ఒక్కటీ తెరిచి లేదు. పని వరుస మీద అదుపు లేదు. మగ్గాన్ని ఆమూలాగ్రం తెలిసే అవకాశం ఎవరికీ లేదు. పెట్టిన శ్రమ ఫలితం ఎవరి కంటికీ విడిగా కనబడదు.

1953లో రైస్, మేనేజర్లు, సూపర్‌వైజర్లు, కార్మికులు కలిసి మాట్లాడుకున్నారు. కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు పూర్తిగా అప్పగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. తరువాత జరిగినది ఎవరూ ఊహించనిది. ఆ ఆలోచనను కార్మికులు వెంటనే అందుకుని, ఎవరు ఏ జట్టులో ఉండాలో తమలో తామే నిర్ణయించుకున్నారు. అంటే కొత్త పద్ధతి అమలు కాకముందే అది వారిదైపోయింది. పై నుంచి జట్ల జాబితా టైపు చేసి నోటీసు బోర్డు మీద అంటించి ఉంటే, అదే జాబితా అయినా, అంతే ఉత్సాహం వచ్చేదని నేను అనుకోను.

ఫలితాలు వెంటనే స్థిరపడలేదు. మధ్యలో ఒకసారి పరిస్థితి దిగజారి, కొన్ని సర్దుబాట్ల తరువాత మళ్లీ నిలదొక్కుకుంది. చివరికి మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది. లోపాలున్న గుడ్డ సుమారు 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అయితే కొత్త పద్ధతితో పాటు వేతనాలు కూడా పెరిగాయి కనుక ఈ మార్పును పూర్తిగా జట్టు పద్ధతి ఖాతాలో వేయలేమని తరువాతి విమర్శకులు అన్నారు. ఆ విమర్శ సమంజసమైనదే. మీరు జవాబు రాసేటప్పుడు దాన్ని వదిలేయకండి.

ఈ కథలో ఇంకొక భాగం ఉంది. టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ 1970లో అదే మిల్లులకు వెళ్లి చూశాడు. ఒక షెడ్డులో జట్టు పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. మరొకచోట అది దాదాపు మాయమైంది. ఒకే యాజమాన్యం, ఒకే నగరం, ఒకే రకం కార్మికులు. స్వామ్య భావన ఒకసారి కలిగితే తనంతట తాను నిలుస్తుందనుకోకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది. జట్టు తీసుకోవలసిన నిర్ణయాలు పైవారు మళ్లీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంటూ పోతే, పేరుకు జట్టు ఉన్నా, లోపల 'మన' అనే మాట చచ్చిపోతుంది.

12.6 వాటాలు, నినాదాలు

ఉద్యోగులకు షేర్లు ఇస్తే వారికి సంస్థ సొంతమనిపిస్తుంది కదా అని మీరు అడగవచ్చు. చాలా కంపెనీలు ఉద్యోగులకు షేర్లు కేటాయించే పథకాలు పెట్టింది ఈ ఆశతోనే. కానీ డీమ్యాట్ ఖాతాలో ఉన్న షేరు, మార్కెట్‌లో అమ్ముకోగల ఆస్తి మాత్రమే. రోజువారీ పనిలో నిర్ణయాధికారం, సమాచారం తోడు కాకపోతే చట్టబద్ధ స్వామ్యం మానసిక స్వామ్యంగా మారదని పియర్స్, ఆయన సహచరులు 1991లోనే వాదించారు.

రెండూ కలిసిన ఉదాహరణ కావాలంటే లిజ్జత్ పాపడ్ చూడండి. 1959లో ముంబయిలోని గిర్గావ్‌లో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన సంస్థ అది. వారిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. సభ్యులను ఉద్యోగులనరు, 'బెన్' అంటారు, అంటే అక్కచెల్లెలు. పొద్దున కేంద్రానికి వెళ్లి పిండి తెచ్చుకుంటారు, ఇంటి దగ్గర అప్పడాలు ఒత్తి మర్నాడు అప్పగిస్తారు. అప్పడం సైజు, మందం అన్నీ నిర్దేశించినవే. ఒత్తడంలో స్వేచ్ఛ లేదు. అయితే సంస్థను నడిపే 21 మంది కమిటీ ఆ సభ్యుల్లోంచి వచ్చినదే. పని చేసే చేతికి స్వేచ్ఛ తక్కువైనా, పని నియమాలు ఎవరు పెట్టాలన్న దానిలో ఆ చేతికి వాటా ఉంది.

ఇక "ఈ సంస్థ మీదే" అని గోడల మీద రాసే నినాదాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గోడ మీద ఆ మాట ఉండి, పెన్సిలు కొనడానికి కూడా మూడు సంతకాలు కావలసివస్తే ఉద్యోగి నమ్మేది సంతకాలను.

12.7 నాణేనికి రెండో వైపు

స్వామ్య భావన ఉన్న ఉద్యోగి చెప్పకపోయినా పని చేస్తాడు, లోపం కనిపిస్తే నోరు విప్పుతాడు, సంస్థ సామాను సొంత సామానులా చూసుకుంటాడు. లిన్ వాన్ డైన్, పియర్స్‌లు 2004లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇలాంటి సంబంధాలనే చూపింది. కానీ 'నాది' అన్న మాటలో 'నీది కాదు' అన్న మాట దాగి ఉంటుంది.

మొదట్లో చెప్పిన 'సీటు'కు తిరిగి వద్దాం. ఆ ఫైళ్ల లోగుట్టు ఆయన ఒక్కడికే తెలుసు. కొత్తగా వచ్చిన జూనియరుకు పని నేర్పడు. ఆయన సెలవు పెడితే అర్జీదారుడు వారం తిరగాలి. కంప్యూటరు వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా అడ్డుపడినవారు సోమరులని అనుకుంటారు. కొన్నిచోట్ల నేను చూసింది దీనికి విరుద్ధం. రిజిస్టర్లను ఎర్రసిరా, నల్లసిరాలతో ముత్యాల్లా రాసిన మంచి పనివాళ్లే ఎక్కువ బాధపడ్డారు. వారి ఇరవై ఏళ్ల పెట్టుబడి ఒక్క సర్క్యులర్‌తో విలువలేనిదైపోయింది.

డర్క్స్, కమింగ్స్, పియర్స్ 1996లో దీన్నే వివరించారు. స్వామ్య భావన ఉన్నవారు మార్పునంతా వ్యతిరేకించరు. తాము తలపెట్టిన మార్పును, మెల్లగా వచ్చే మార్పును, ఉన్నదానికి కలిపే మార్పును ఆహ్వానిస్తారు. పై నుంచి రుద్దినదాన్ని, ఒక్కసారిగా తలకిందులు చేసేదాన్ని, ఉన్నదాంట్లోంచి కోసేదాన్ని ఎదిరిస్తారు. కాబట్టి మార్పును వ్యతిరేకించే ఉద్యోగిని చూసినప్పుడు మేనేజరు ముందుగా అడగవలసింది "ఇతడి చేతిలోంచి మనం ఏం తీసుకుంటున్నాం?" అని. ఆ రిజిస్టర్ల గుమాస్తానే కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఏ గడులు ఉండాలో చెప్పమని కూర్చోబెట్టి ఉంటే, వ్యవహారం వేరేలా నడిచేది.

12.8 అధికారం లేని బాధ్యత

నిర్వహణ శాస్త్ర గ్రంథాలు స్వామ్య భావనను పెంచడం ఎలా అని చెబుతాయి గాని, దాన్ని వాడుకోవడం గురించి తక్కువ మాట్లాడతాయి. తనదనుకున్న పనికి మనిషి గంటలు లెక్కపెట్టడు. ఈ సంగతి తెలిసిన యజమానికి జీతం తగ్గించే దారి కూడా తెలిసినట్లే.

అంగన్‌వాడీ కార్యకర్తలను తీసుకోండి. మీలో ఆ పని చేస్తున్నవారు కూడా ఉండవచ్చు. కేంద్రంలోని ప్రతి పిల్లవాడి బరువు, ఏ గర్భిణికి రక్తం తక్కువ ఉంది, ఏ ఇంట్లో కోడలు కేంద్రానికి రావడానికి అత్తగారు ఒప్పుకోదు, ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలియడం అనే దారి ఇంత వెడల్పుగా తెరిచి ఉన్న ఉద్యోగాలు తక్కువ. పెట్టుబడి సంగతి సరేసరి; సరుకు ఆలస్యమైతే కొట్టులో అప్పు పెట్టి తెచ్చి వండినవారున్నారు. అదుపు మాటేమిటి? ఏం వండాలో, ఏ ఫారం నింపాలో, ఏ యాప్‌లో ఎన్నిసార్లు ఫొటో ఎక్కించాలో అన్నీ పై నుంచే వస్తాయి. వ్యవస్థ ఆమెను గౌరవ సేవకురాలిగా లెక్కవేసి, ఇచ్చేదాన్ని జీతం అనకుండా 'గౌరవ వేతనం' అంటుంది. ఈ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. రెండు దారులు తెరిచి మూడవది మూసిన చోట స్వామ్య భావన కలుగుతుంది గాని, అది మనిషిని లోపలి నుంచి అరగదీస్తుంది. పిల్లవాడి బరువు పెరగకపోతే ఆమెకు నిద్ర పట్టదు, దాన్ని మార్చగల సామగ్రి ఆమె చేతిలో లేదు.

కాంట్రాక్టు ఉద్యోగుల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పన్నెండు నెలలకోసారి ఒప్పందం ముగిసే చోట, ఇది నాది అనుకోవడానికి మనసు జంకుతుంది. దీన్ని నిర్లక్ష్యంగా పొరబడే అధికారులున్నారు. పోతుందని తెలిసినదాని మీద మమకారం పెంచుకోకపోవడం ఒక రకం ఆత్మరక్షణ.

అభ్యాసం

మీరు చేస్తున్న ఉద్యోగాన్ని గాని, మీ ఇంట్లో ఒకరు చేస్తున్న ఉద్యోగాన్ని గాని తీసుకోండి. ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. ఎవరినీ అడగకుండా తీసుకోగల నిర్ణయాలు మొదటి గడిలో, ఆ పని గురించి ఇతరులెవరికీ తెలియని సంగతులు రెండో గడిలో, జీతానికి మించి పెట్టిన శ్రమ, సమయం, డబ్బు మూడో గడిలో రాయండి. ఏ గడి నిండింది, ఏది ఖాళీగా ఉంది, ఖాళీగా ఉండటానికి కారణం పని స్వభావమా, సంస్థ నిర్ణయమా అన్నది ఒక పేజీలో వివరించండి. ఉద్యోగి పేరు, సంస్థ పేరు రాయనవసరం లేదు. సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చుకోండి.